ఎర్రదారం కవర్లు

ఆ ఏడు వానలు మొదలైన మూడోరోజుకే స్టూడియో పైకప్పు కారింది. కారిందీ ఎక్కడ? సరిగ్గా నెగటివ్‌ల బీరువా నెత్తిన. స్టూడియో మూసేసి అప్పటికి నాలుగేళ్ళు. ముందుగది షట్టరు ఎప్పుడూ వేసే ఉంటుంది, వెనక రెండు గదుల్లో నేనూ నాన్నా ఉంటాం. అమ్మ పోయి ఆరేళ్ళు. నేను పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేదాన్ని. తప్పులున్నా ఇప్పుడెవరూ పట్టించుకోవట్లేదమ్మా అని చెప్పి, వానలకి ముందే ఇంటికి పంపించేశారు. ముప్ఫై ఏడేళ్ళ మనిషికి పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. గోడకేసి తల బాదుకోవాలనిపించేది.

బీరువాలో నలభై ఏళ్ళ నెగటివ్‌లున్నాయి. ఒక్కో కవరులో ఒక్కోటి, కవరు మీద నంబరు. తడిసినవన్నీ తీసి మంచాల మీద, కుర్చీల మీద, బట్టలారేసే తీగ మీద పెట్టాం. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు.

"ఇలా ఎన్నాళ్ళు కాపాడతావ్ నాన్నా? అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెడతాను. ఎవరి మొహం వాళ్ళు చూసుకుంటారు," అన్నాను.

"ఎవడికి కావాలే ఈ పాతమొహాలు?" అన్నాడు నాన్న. అంటూనే ఫ్యాను కింద ఒక్కో ఫిల్ము ముక్కనీ అంచులు పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆయన కుడిచేతి చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడి అలా అయిందట. ఆ వంకర వేలితోనే వచ్చినవాళ్ళ గడ్డం పైకెత్తి, "కాస్త నవ్వండి" అనేవాడు. మా పేటలో ఆ వేలు తగలని గడ్డం లేదు.

ఆరబెడుతూ మధ్యలో కొన్ని కవర్లు వేరుగా తీశాడు. వాటికి ఎర్రదారం కట్టి ఉంది. ఒక్కో దాంట్లో రెండేసి నెగటివ్‌లు. అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో సర్ది తన మంచం కిందకి తోశాడు.

"ఇవి మాత్రం ముట్టుకోకు."

"ఏం, ఎవరి గుట్టుందేంటి అందులో?"

"పోయినవాళ్ళని పక్కన నిలబెట్టమనేవాళ్ళు. రానివాళ్ళని కూర్చోబెట్టమనేవాళ్ళు. వేరే ఫోటోలోంచి తల తెచ్చి అతికించి ఇచ్చేవాణ్ణి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"అంటే మోసమేగా!" అని ఏడిపించాను.

"మోసమెందుకవుతుందే? మీ పిన్ని చిరిగింది చిరిగినట్టు కనపడకుండా కుట్టి ఇవ్వదూ? ఇదీ అంతే."

పిన్ని అంటే రక్తసంబంధం కాదు. గోడ అవతల టైలరు. అమ్మని అక్కా అనేది, నాన్నని బావగారూ అంటుంది, నాకు పిన్ని అయిపోయింది. బడి పిల్లల యూనిఫాములు కుడుతుంది. పొద్దున్న ఏడింటికి ఆమె మిషను మొదలైతే మాకు గడియారం అక్కర్లేదు. ఆమెకి ఒక్కతే కూతురు, ఆస్పత్రిలో నర్సు. చిన్నప్పుడు ఏం పెట్టినా రెండు ముద్దలు తిని పారిపోయేది, అందుకని పిట్ట అని పేరు. ఇప్పటికీ పిట్టే. పిట్టకి నేను అక్కని, నాన్న పెదనాన్న.

పిన్ని మిషను పైన గోడకి ఒకే ఒక్క ఫోటో ఉండేది. పిట్ట వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుని, ఏడాది పిట్టని ఒళ్ళో పెట్టుకున్న ఫోటో. చేత్తో రంగులు అద్దింది. ఆ ఫోటో తీసిన నెలకే జ్వరమొచ్చి పోయాడని అందరికీ తెలుసు. నిన్ను చంక దించేవాడు కాదే అని పిన్ని చెప్తుంటే నేనే లక్షసార్లు విన్నాను. పిట్ట డ్యూటీకి వెళ్తూ చెప్పులేసుకుని గుమ్మంలోంచి ఆ ఫోటోకి చెప్పేది, "వెళ్ళొస్తా నాన్నా" అని. ఇరవై ఏడేళ్ళొచ్చినా మానలేదు.

సైట్ పేరు 'కాస్త నవ్వండి' అని పెట్టాను. మా పాత ఆఫీసులో కంప్యూటర్ మీద పత్రిక పేజీలు పేర్చే బట్టతలాయన ఊరికే తయారుచేసి ఇచ్చాడు. మొట్టమొదటి ఫోటో నాదే. ఏడాది పిల్లని, అమ్మ కుట్టిన గౌను, దాని మీద గుడ్డముక్కతో అతికించిన బాతు. అమ్మకి కుట్టుపని అంతంత మాత్రం, బాతు ముక్కు పైకి తిరిగి ఆకాశం చూస్తుంటుంది. మొదటిరోజు పదకొండుమంది చూశారు. అందులో నలుగురం మేమే.

తర్వాత బడి గ్రూపు ఫోటోలు పెట్టడం మొదలుపెట్టాను. ఒక ఉదయం కామెంటు వచ్చింది. "మూడో వరుసలో కళ్ళు మూసుకున్నది నేనే. ఈ ఫోటో కొనుక్కోలేదు అప్పట్లో. ఇన్నేళ్ళకి నన్ను నేను చూసుకున్నాను." చదివి వినిపిస్తే నాన్న గబగబా వచ్చి ఫోను లాక్కున్నాడు. "వీడా! మూడుసార్లు తీశానే! మూడుసార్లూ మూశాడు వెధవ!" అని పగలబడి నవ్వాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా చూడ్డం అదే మొదటిసారి.

ఇక చూడండి, ఇంట్లో సందడే సందడి. మధ్యాహ్నం కాగానే పిన్ని బొత్తాలు కుట్టాల్సిన చొక్కాలు ఒళ్ళో వేసుకుని వచ్చి కూర్చునేది. నేను కామెంట్లు చదవడం, నాన్న జవాబులు చెప్పడం. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో రాసేవాళ్ళు. మా అమ్మ ఫోటో ఉందా అని ఒకరు, ఆ వెనకున్న సైకిలు మాదే అని ఒకరు. మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఒక ఫోటో కింద పోట్లాడుకుని, ఆ ఫోటో కిందే కలిసిపోయారు. పిన్ని కళ్ళు తుడుచుకుని, "నువ్వు చాలా మంచిపని చేస్తున్నావే తల్లీ," అంది. నిజంగానే అంది. నాకా మాట ఇప్పుడు గుర్తొస్తే ముద్ద దిగదు.

వానలు సగానికొచ్చేసరికి రోజుకి రెండువేలమంది చూస్తున్నారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి, దాచుకోవడమెందుకు? పొద్దున్న లేవగానే అంకె చూడ్డం, పళ్ళు తోముతూ చూడ్డం, పాలు పొంగిపోతుంటే చూడ్డం. ఉద్యోగం ఊడినప్పుడు జాలిపడ్డవాళ్ళందరూ ఫోను చేసి మెచ్చుకుంటున్నారు. "ఆ ఫోను కింద పెట్టి తినవే," అని నాన్న విసుక్కునేవాడు.

అంతలో అంకె తగ్గడం మొదలైంది. రెండువేలు పద్నాలుగొందలైంది. పద్నాలుగొందలు తొమ్మిదొందలైంది. ఎవరో నా ఒంట్లోంచి రక్తం తీస్తున్నట్టే ఉండేది. బట్టతలాయనకి ఫోను చేశాను.

"అంతేనమ్మా. ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారు, అయిపోయింది. మళ్ళీ ఎందుకొస్తారు?" అన్నాడు.

"మరేం చెయ్యమంటారు?"

"తెలిసినవి కాదు, తెలియనివి పెట్టండి. జనానికి కనిపెట్టడం ఇష్టం."

ఆ గురువారం పిట్ట ఒంటిపూట సెలవు పెట్టి నాన్నని కంటి పరీక్షకి తీసుకెళ్ళింది. శుక్లం ముదురుతోందని రెండు వారాలుగా ఆయన వెంటపడి ఒప్పించింది. సొంతకూతుర్నై ఉండీ నాకు గుర్తులేదు, అది వేరే సంగతి. "గొడుగు మర్చిపోకు పెదనాన్నా," అంటూ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. తర్వాత లోపలికొచ్చి మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా లాగాను.

నాలుగైదు కవర్లు విప్పి చూశాను. అవతల పిన్ని మిషను చప్పుడు వినపడుతూనే ఉంది. ఒక కవరులో ఒక నెగటివ్ మిగతావాటిలా లేదు. కుర్చీలో మనిషి, ఒళ్ళో పిల్ల. మనిషి తల ఉండాల్సిన చోట నాన్న ఎర్రరంగు పూసేశాడు, అక్కడ వేరే తల అచ్చు వెయ్యడానికి. స్కాన్ చేసి నలుపు తెలుపుల్ని తిరగేస్తే బొమ్మ వచ్చింది. చొక్కా ఉంది, చేతులున్నాయి, పిల్ల నడుం చుట్టూ వేళ్ళున్నాయి, మెడ మీద మాత్రం తెల్లటి మచ్చ. ఇలాంటిది ఎవరూ ఎక్కడా చూసి ఉండరు అనుకున్నాను.

ఆ పిల్లని గుర్తుపట్టానా లేదా అని తర్వాత అందరూ అడిగారు. అది చివర్లో చెప్తాను. 'తల లేని నాన్న. ఎవరీయన? కనిపెట్టండి' అని రాసి పెట్టేశాను. కవర్లు మళ్ళీ దారం కట్టి, డబ్బా ఎక్కడిదక్కడ పెట్టేశాను.

నాన్న నల్లకళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. కళ్ళలో మందు వేశారట, సాయంత్రందాకా ఏమీ కనపడదట. తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, "ఇవాళ ఏం పెట్టావే? చదివి వినిపించు," అన్నాడు.

నేను పాతదొకటి చదివాను. నాన్న నవ్వాడు. పిట్ట టీ పెట్టి ముగ్గురికీ ఇచ్చి, ఆలస్యమైందని డ్యూటీకి పరిగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నానికి తొమ్మిదివేలు. శనివారం పొద్దున్నకి నలభైవేలు దాటింది. ఫోను పట్టుకుని వంటింట్లో గెంతాను. సిగ్గులేకుండా గెంతాను. పావుగంట తర్వాతగానీ కింద ఏం రాస్తున్నారో చదవలేదు.

మొదట అంతా ముద్దుముద్దుగానే ఉంది. "ఆ చిటికెనవేలు చూడండి! నా గడ్డం పైకెత్తిన వేలు అదే!" అని ఒకావిడ. "మన స్టూడియో ఆయనే!" అని ఇరవైమంది. నేను ఆ వేళ్ళు సరిగ్గా చూడనేలేదు. ఆ ఒళ్ళు నాన్నదని నాకు నిజంగా తెలియదు, ఇది మాత్రం ఎవరి మీద ఒట్టేసి చెప్పమన్నా చెప్తాను. "బాతు గౌను ఈ సైట్‌లో మొదటి ఫోటోలోదే కదా, అయితే పాప ఆయన కూతురే," అని ఇంకొకరు. ఆ కింద మా పేట మనిషెవరో రాశాడు. "కాదు. ఈ పాప పక్కింటి టైలరు కూతురు. ఈ ఫోటో వాళ్ళ షాపులో ఉంది. అక్కడ తల వేరే ఆయనది. చొక్కా, కుర్చీ, పాప అన్నీ ఇవే." దాని కింద మరొకరు. "ఓహో, పాప ఎవరి ఒళ్ళో ఉందో ఇప్పుడర్థమైంది." ఇక ఆ తర్వాతవి నేను రాయను. నవ్వే బొమ్మలు వరసగా, పేజీలకి పేజీలు. మూడు నెలలుగా నేను పోగుచేసిన మనుషులే. పేరుపేరునా తెలుసు నాకు.

తీసేద్దామని నొక్కబోతుంటే తలుపు చప్పుడైంది. పిట్ట. డ్యూటీ బట్టల్లోనే ఉంది, తల తడిసి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో గోడ మీద ఉండాల్సిన ఫోటో. వెనకాల పిన్ని, మెడలో కొలతల టేపు తియ్యనైనా తియ్యకుండా వచ్చేసింది.

నాన్న పేపరు చదువుతున్నాడు. ఆయనకి ఇంకా ఏమీ తెలియదు. పిట్ట ఫ్రేము బల్ల మీద పెట్టి, పక్కన తన ఫోను పెట్టింది.

"పెదనాన్నా, ఈ పిల్ల నేనే కదా?"

నాన్న ఫోనులో బొమ్మ చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపుకి నేను గోడకి అతుక్కుపోయాను.

"నువ్వేనమ్మా," అన్నాడు.

"ఒళ్ళెవరిది?"

"నాది."

"తల?"

"మీ నాన్నది. మీ అమ్మ దగ్గర ఆయన గుర్తింపు కార్డు ఫోటో ఒకటుంటే అందులోంచి తీశాను."

"మరి నాన్న నన్ను ఎత్తుకోలేదా?" అంది పిట్ట. గొంతు చిన్నపిల్లదైపోయింది. "ఒక్కసారైనా?"

నాన్న పిన్ని వైపు చూశాడు. పిన్ని టేపుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. చివరికి నేలచూపులు చూస్తూ చెప్పింది. "నువ్వు కడుపులో ఉండగానే వెళ్ళిపోయాడే. జ్వరం లేదు, ఏమీ లేదు. వెళ్ళిపోయాడు. నీకు మాటలొచ్చాక నాన్నేడని అడుగుతావని ముందే చేయించి పెట్టుకున్నాను."

"బతికే ఉన్నాడా?"

"నాకు తెలీదమ్మా."

పిట్ట కుర్చీ వెనకభాగం పట్టుకుంది. "అయితే జనం అంటున్నది?" అంది. ఆ మాట నాన్న మొహం చూసి అనలేకపోయింది, ఫ్రేము చూస్తూ అంది.

నాన్న మాట్లాడలేదు. ఏం మాట్లాడతాడు? డెబ్భై రెండేళ్ళ మనిషి. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలిగా. నోరు జారాను.

"కాదని ఒక్కమాట చెప్పెయ్ నాన్నా."

నాన్న కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు కూడా అడుగుతున్నావా," అన్నాడు. మెల్లగా లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

పిట్ట ఫోటో అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. పిన్ని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఆమె నన్నెప్పుడూ పల్లెత్తు మాట అని ఎరగదు.

"మీ బావగారు కుర్చీలో కూర్చుంటే కెమెరా ఎవరు నొక్కారనుకున్నావ్? మీ అమ్మే. ఆ గౌను పెట్టెలోంచి తీసి తొడిగింది కూడా మీ అమ్మే. పిల్ల ఏడుస్తుంటే కెమెరా వెనకాల నిలబడి పిల్లిలా అరిచి నవ్వించింది," అంది. 'మీ నాన్న' అనబోయి 'మీ బావగారు' అంది, అంత తడబడిపోతోంది. "నువ్వు బయట ఆడుకుంటున్నావ్ అప్పుడు. మీ అమ్మా నాన్నా ఇద్దరూ ఈ సంగతి కడుపులో పెట్టుకున్నారు. మీ అమ్మ పోయేరోజుక్కూడా చెప్పలేదు ఎవరికీ."

ఆ మధ్యాహ్నమే ఫోటో తీసేశాను. తీసేస్తే ఏం లాభం? ఎక్కడెక్కడో పెట్టేసుకున్నారు. కెమెరా నొక్కింది మా అమ్మేనని పెద్దగా రాసి పెట్టాను. దాన్ని మూడొందలమంది చూశారు. నలభైవేలు ఎక్కడ, మూడొందలు ఎక్కడ?

పిట్ట వారంలో వేరే ఊరి ఆస్పత్రికి బదిలీ అడిగి వెళ్ళిపోయింది. మా ఇంటికి రాలేదు. వెళ్తూ గుమ్మంలో ఎవరికీ ఏమీ చెప్పలేదట, గోడ మీద మేకు ఒక్కటే ఉంది మరి. పిన్ని ఇంకో పది రోజులు ఉంది. బడివాళ్ళు యూనిఫాముల పని వేరేవాళ్ళకి ఇచ్చేశారని తర్వాత విన్నాను. ఒక ఉదయం ఏడు దాటినా మిషను చప్పుడు వినపడలేదు. ఎనిమిదింటికి వెళ్ళి చూస్తే తాళం. నాన్న ఆరోజంతా ఆ గోడ పక్కనే కూర్చున్నాడు.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అన్నం పెట్టనా?" అంటే "పెట్టు," అనేవాడు. "చాలా?" అంటే "చాలు." కంటి ఆపరేషన్‌కి తారీఖు ఇచ్చారు, వెళ్ళనన్నాడు. చూడాల్సింది చూసేశాను అన్నాడు.

వానలు తగ్గాక, ఒక ఎండ కాసిన మధ్యాహ్నం, నాన్న పెద్ద గిన్నెలో నీళ్ళు కాచమన్నాడు. కాచాను. ఫోటోలు కడిగే పాత ట్రేలో పోయించి, డబ్బా తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. ఎర్రదారాలు ఒక్కొక్కటీ విప్పి నెగటివ్‌లు వేడినీళ్ళలో వేశాడు. కాసేపటికి పొర ఉబ్బి, మడతలు పడి, మొహాలు ఊడి నీళ్ళలోకి వచ్చేశాయి. ఫిల్ము గాజుముక్కలా మిగిలింది. వంకర వేలితో ఒక్కోదాన్నీ తుడుస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని కవర్లు అందిస్తూ ఉండిపోయాను.

పిట్ట కవరు వచ్చింది. దాన్ని నీళ్ళలో వెయ్యకుండా కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ బాతుని నువ్వు గుర్తుపట్టలేదా?" అన్నాడు.

చివర్లో చెప్తానన్నాను కదా. పట్టాను. తెర మీద బొమ్మ తిరగబడిన క్షణంలోనే పట్టాను. అమ్మ కుట్టిన వంకరముక్కు బాతుని నేను కాక ఇంకెవరు పడతారు? ఆటలోంచి వచ్చి ఆ గౌను పిట్ట ఒంటి మీద చూసి, నాది నాకిచ్చెయ్యమని పదకొండేళ్ళదాన్ని ఏడ్చిన గుర్తు కూడా ఉంది. గోడ మీది ఫోటో ఇదేనని, అందులో తల అతికించిందని, పిట్టకి ఆ సంగతి తెలియదని, అన్నీ అర్ధనిమిషంలో తెలిశాయి నాకు. మొహం లేదుగా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తొమ్మిదొందల అంకె కళ్ళ ముందు ఆడుతోంది. మిషను చప్పుడు వింటూనే నొక్కాను.

నాన్న నా మొహం చూడట్లేదు. నెగటివ్ వైపే చూస్తున్నాడు. లేదని చెప్పడానికి నాకు వీలుగా అలా తిరిగి కూర్చున్నాడని ఇప్పుడనిపిస్తుంది.

"లేదు నాన్నా," అన్నాను.

"అదే, నేనూ అదే అనుకున్నాను," అని నెగటివ్‌ని నీళ్ళలో వదిలాడు.